కరెంటు పోతే ఏమవుతుంది? డెల్టా ఇళ్ళలో మూడు కరెంట్ల కథ

ఈ మధ్య మన బడి మిత్రులు ఎవరు ఫోన్ చేసినా ముందు బీపీ, షుగరు, తరువాత మనవలు, మూడో మాట సోలార్. "మేడ మీద ప్యానెళ్ళు పెట్టిద్దామనుకుంటున్నాం, సబ్సిడీ వస్తుందట, నువ్వు కరెంటు డిపార్టుమెంటులో చేసినవాడివి కదా, ఏమంటావు?" అని. పెట్టించండి అంటాను. ఆ వెంటనే ఒక ప్రశ్న వేస్తాను: "వీధిలో కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఏమవుతుందో కనుక్కున్నారా?" అవతల నవ్వు వినిపిస్తుంది. "సోలార్ ఉన్నాక కరెంటు పోవడమేమిటయ్యా!"

పోతుంది. ఇప్పుడు ఎక్కువమంది పెట్టిస్తున్న రకమైతే నడినెత్తిన సూర్యుడుండగానే పోతుంది. అలా ఎందుకు పోతుందో, పోకుండా చేసుకోబోయి మనం ఎక్కడ తప్పు చేస్తామో ఫోన్లో చెబితే తెగదు. స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకాలు రాయమని సంపాదకవర్గం అడిగింది. జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మన ప్రాంతపు కరెంటు చరిత్ర రాస్తాను. అందులో మన బడీ వస్తుంది, మన సైన్సు మాస్టారూ వస్తారు.

మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే బెజవాడలో బొగ్గుతో నడిచే చిన్న విద్యుత్ కేంద్రం ఉండేది. పట్నం వరకే దాని సంబరం. పల్లెలకు అసలు ఊపు 1955లో ఒరిస్సా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలయ్యాక వచ్చింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. అయితే మన డెల్టాకు కరెంటు మీద మెట్ట ప్రాంతాలకున్నంత ఆత్రం లేదనే చెప్పాలి. వాళ్ళకు బావిలో నీళ్ళు పైకి రావాలంటే మోటారు కావాలి. మనకు కాటన్ దొర కాలం నుంచి ఆనకట్ట నీళ్ళు కాలవల్లో వాటంతటవే పారివచ్చేవి. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక ఆ ధీమా ఇంకా పెరిగింది. అందుకే రైవస్ కాలువ గట్టు ఊళ్ళలో స్తంభాలు మొదట రైసుమిల్లు దాకా వచ్చి ఆగాయి. ఇళ్ళలోకి తరువాత నెమ్మదిగా వచ్చాయి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మన ఊళ్ళకు జనరేటరు కరెంటు కంటే ముందే వచ్చింది. డేరా సినిమా వాళ్ళు ఆయిల్ ఇంజన్‌తో సహా దిగేవారు. ఊరి చివర ఆ ఇంజన్ డుబుడుబుమని మొదలైతే ఆట వేస్తున్నారని ఊరంతటికీ తెలిసేది. అంటే మన పెద్దలు మొదట చూసిన విద్యుత్ దీపం ఎవరికివారు తయారు చేసుకున్న కరెంటుతో వెలిగింది. లైను కరెంటు రెండోది. ఈ వరస గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

కరెంటు విషయంలో మన జిల్లా పెద్దల చేయి తక్కువదేమీ కాదు. కంకిపాడులో పుట్టిన డాక్టర్ కె.ఎల్. రావు గారు విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచి, 1963 నుంచి పదేళ్ళు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. కవుతరానికి చెందిన నార్ల తాతారావు గారు 1974లో రాష్ట్ర విద్యుత్ బోర్డు అధ్యక్షులయ్యారు. ఆ మరుసటేడు మన పూర్వ విద్యార్థుల సంఘం పుట్టింది. 1979లో ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్‌లో మొదటి 210 మెగావాట్ల యూనిట్ నడిచింది. సింగరేణి, తాల్చేరు బొగ్గు రైళ్ళలో వస్తుంది, కృష్ణ నీళ్ళు చల్లబరుస్తాయి. ఒకదాని తరువాత ఒకటిగా యూనిట్లు పెరిగి 2009 నాటికి మొత్తం 1760 మెగావాట్లయింది. ఇప్పుడు దానికి తాతారావు గారి పేరే ఉంది. హైదరాబాద్ నుంచి బస్సులో వస్తూ ఆ చిమ్నీలు కనిపిస్తే ఇంటికి వచ్చేశామని నిద్ర లేచేవాళ్ళం.

అయితే మా బ్యాచ్‌కు కరెంటు గురించి గట్టిగా తెలిసొచ్చింది అది లేనప్పుడే. 1977 నవంబరు 19, శనివారం. మేం పదో తరగతి. ఆ ఉప్పెన దివిసీమను ఏం చేసిందో నేను మళ్ళీ చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేలమందికి పైగా పోయారు. మన వైపు ప్రాణాలు దక్కాయి గానీ స్తంభాలు వరసగా ఒకే పక్కకు ఒరిగిపోయాయి, కోతకొచ్చిన వరిలాగా. మన ఊళ్ళో నెల పైన దీపం లేదు. బడి పెంకులు ఎగిరిపోతే చింతచెట్టు కింద చదివాం. సాయంత్రం లాంతరు పెట్టుకుని సైన్సు మాస్టారు విద్యుత్ పాఠం చెప్పారు. కరెంటు లేని ఊళ్ళో కరెంటు పాఠం ఏమిటని వెనక బెంచీ వాళ్ళు నవ్వారు. (ఎవరో చెప్పను. ఇద్దరూ ఈ సంచికకు విరాళం ఇచ్చారు.)

ఆయన బల్లచెక్క మీద మేడమెట్ల వైరింగు చేయించారు. కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, మధ్యలో టార్చి బల్బు. రెండు దారుల స్విచ్చి అంటే ఏమిటో అప్పుడు చెప్పారు. "దీనికి ఒక కాలుంది, రెండు మెట్లున్నాయి. కాలు ఈ మెట్టు మీదన్నా ఉంటుంది, ఆ మెట్టు మీదన్నా ఉంటుంది. రెండింటి మీదా ఒకేసారి ఉండదు. ఉండలేకుండానే దాన్ని తయారు చేశారు." పరీక్షకు వచ్చే ప్రశ్న అని నోటుపుస్తకంలో రాసుకున్నాం. పరీక్షకు రాలేదు.

1986లో నేను ఉద్యోగంలో చేరేనాటికి ఊరూరా కరెంటుంది, కానీ వోల్టేజి లేదు. రాత్రి ఏడింటికి ట్యూబులైటు ఆరిపోయి ఆరిపోయి వెలిగేది. వెలిగాక ఎవరూ ఆపేవారు కాదు, మళ్ళీ వెలుగుతుందో లేదోనని. దేశమంతా సెకనుకు 50 ఆవృత్తులతో నడవాల్సిన కరెంటు దక్షిణాదిలో 48కి పడిపోయిన రోజులూ ఉన్నాయి. ఆ దెబ్బకు ఇళ్ళలోకి స్టెబిలైజరు వచ్చింది. కొంతకాలానికి బ్యాటరీ ఇన్వర్టరు వచ్చింది. అంగళ్ళ ముందుకు పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలుకు మార్చే చిన్న జనరేటర్లు వచ్చాయి. వేసవి సాయంత్రం బీసెంట్ రోడ్డులో కరెంటు పోతే నిమిషంలో వంద జనరేటర్లు ఒక్కసారి మొదలయ్యేవి. పక్కనున్నవాడి మాట వినపడేది కాదు, ఆ పొగకు కళ్ళు మండేవి. బేరాలు మాత్రం ఆగేవి కావు.

బ్యాకప్ విద్యలో నిజంగా ఆరితేరినవాళ్ళు మాత్రం కైకలూరు, మండవల్లి వైపు చెరువుల రైతులు. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు బాగా పడిపోతుంది. అప్పుడు ఏరేటర్లు ఆగితే పంట పోవడానికి ఎక్కువ సేపు పట్టదు. 2009 తరువాత వనామీ వచ్చి చెరువులో రొయ్యల ఒత్తిడి పెరిగాక ఈ భయం ఇంకా పెరిగింది. గట్టు మీద డీజిల్ జనరేటరు, దాని పక్కన ఇనప పెట్టెలో చేంజోవర్ స్విచ్చి, పక్కన మంచం వేసుకుని పడుకునే మనిషి, ఈ మూడూ లేని చెరువు నేను చూడలేదు. మేడల వాళ్ళు ఇప్పుడు నేర్చుకోవలసింది ఆ గట్టు మీద పెట్టెలో ఎప్పటినుంచో ఉంది.

ఆ స్విచ్చి లేకపోతే ఏమవుతుందో చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తుపాను తీరం దాటింది. నేనప్పుడు ఒక సెక్షన్‌లో ఏఈని. నాలుగో రోజుకు 11 కేవీ లైను ఒక్కొక్క ముక్కా నిలబెడుతున్నాం. నా దగ్గర పనిచేసే లైన్‌మాన్ ఒకతను మన బడివాడే, నాకు రెండేళ్ళు చిన్న. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకున్నాం, అంటే ఆ లైనులో కరెంటు లేదని, మేం చెప్పేదాకా ఇవ్వరని రాతపూర్వకంగా హామీ. అతను సబ్‌స్టేషన్ వైపు ఎర్త్ రాడ్లు తగిలించి స్తంభం ఎక్కాడు. అవతలి వైపు తగిలించలేదు. అటు ఊరుంది, కరెంటు ఇచ్చేది ఏదీ లేదు అనుకున్నాం. ఎల్‌సీ పుస్తకంలో సంతకం నాది. అవతల కూడా రాడ్లు వెయ్యమని చెప్పవలసింది నేను. చెప్పలేదు.

ఆ ఊళ్ళో పెళ్ళి. వైశాఖ మాసం, ముహూర్తం వాయిదా వెయ్యలేదు, జనరేటరు అద్దెకు తెచ్చారు. తెచ్చిన కుర్రాడు ఇంటి వైరింగు మొత్తం వెలిగించడానికి సులువైన దారి చూశాడు. రెండు కొసలూ చెక్కిన వైరును జనరేటరు నుంచి నేరుగా మీటరు బోర్డు దగ్గర తగిలించాడు. మెయిన్ ఆపాలని అతనికి తెలియదు. ఇల్లంతా వెలిగింది. వెలుగు ఇంటితో ఆగలేదు. సర్వీసు వైరు మీదుగా స్తంభానికి, స్తంభం నుంచి ట్రాన్స్‌ఫార్మరుకు వెళ్ళింది. ట్రాన్స్‌ఫార్మరు పదకొండు వేల వోల్టుల్ని మన ఇంటి కరెంటుగా దించుతుందని అందరికీ తెలుసు. వెనకనుంచి ఇస్తే అదే ఇంటి కరెంటును మళ్ళీ వేలల్లోకి ఎక్కిస్తుంది. దానికి ముందూ వెనకా తేడా తెలియదు. ఊళ్ళో లైను చాలా చోట్ల తెగి ఉండటంతో ఆ చిన్న జనరేటరు మీద పెద్ద భారం కూడా పడలేదు, లేకపోతే అదే ఆగిపోయి ఉండేది.

అతను బతికాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు. తరువాత ఆఫీసులో కూర్చునే పని ఇచ్చారు, ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. ఆ సాయంత్రం నేను పెళ్ళివారింటికి వెళ్ళాను. పెళ్ళికూతురి తండ్రికి ఏం జరిగిందో చెబితే ఆయన అరుగు మీద కూలబడి, "మా ఇంట్లో దీపం వెలిగితే స్తంభం మీద వాడికేమైందండీ?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. అమాయకంగానే అడిగాడు. ముప్పై అయిదేళ్ళయింది, మన సోలార్ మిత్రులు ఫోన్లో నవ్వినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే వినపడుతుంది.

తరువాతి కాలం గబగబా చెప్పేస్తాను. 1999లో బోర్డు విడిపోయింది, ఉత్పత్తి ఒకరిది, సరఫరా ఒకరిది, ఆపైన పంపిణీ కంపెనీలు. 2012, 2013లలో కోతలు మళ్ళీ భరించలేనంత అయ్యాయి. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ తగ్గిపోయి, దాని మీద కట్టిన కేంద్రాలు పడుకున్నాయి. బెజవాడలో మళ్ళీ జనరేటర్ల కాలం. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు మధ్య 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. 2014 అక్టోబరు నుంచి కొత్త రాష్ట్రంలో ఇరవైనాలుగు గంటల సరఫరా పథకం. ఆ తరువాత నిజంగానే ఇళ్ళలో కరెంటు పోవడం తగ్గింది. జనరేటర్లు మెట్ల కింద దుమ్ము పట్టాయి. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చినప్పుడు కొందరు వాటి దుమ్ము దులిపారు.

సరిగ్గా ఈ నమ్మకం కుదిరిన కాలంలో మేడల మీదికి సోలార్ వచ్చింది.

దాని పుట్టుక అమెరికాలో. 1954లో బెల్ లేబొరేటరీ వాళ్ళు సిలికాన్ సెల్ చేసి చూపించారు. పడిన వెలుగులో సుమారు ఆరు శాతాన్ని కరెంటుగా మార్చింది. మన దేశంలో మొదటి సోలార్ సెల్‌ను సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారు చేసింది 1977లో, మేం లాంతరు కింద కరెంటు పాఠం వింటున్న ఏడాదే. ఇళ్ళ కప్పుల మీద పెట్టి, వచ్చిన కరెంటును వీధి లైనులో కలిపే పద్ధతిని పెద్దయెత్తున నడిపినవాళ్ళలో ముందు నిలిచింది జర్మనీ, 1990లో వెయ్యి కప్పుల పథకంతో. జపాన్ కొన్నేళ్ళకే అందుకుంది. అవి కరెంటు పోవడం అరుదైన దేశాలు. బ్యాటరీ ఎందుకు? పగలు మిగిలింది లైనులోకి, రాత్రి కావలసింది లైనులోంచి, లెక్క మీటరు చూసుకుంటుంది. చవక, తేలిక. మనం ఆన్‌గ్రిడ్ అంటున్నది ఇదే.

ఆ దేశాల ఇంజనీర్లకు మా పెళ్ళింటి భయమే కలిగింది. వీధి లైను ఆపి మనిషి స్తంభం ఎక్కినప్పుడు కప్పుల మీద ప్యానెళ్ళు ఆ లైనులోకి కరెంటు తోస్తుంటే? అందుకని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరులోనే కట్టుబాటు పెట్టారు. అది ఎప్పుడూ లైను నాడి పట్టుకుని ఉంటుంది. లైను పోయిందని తెలియగానే, రెండు సెకన్ల లోపు, తానూ ఆగిపోవాలి. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనల్లో లైను పోతే సోలార్ దానినుంచి విడిపోవాలని రాశారు. కాబట్టి మిత్రులారా, కరెంటు పోయినప్పుడు మీ సోలార్ ఆగిపోతే అది చెడిపోయినట్టు కాదు. అది సరిగ్గా పనిచేస్తున్నట్టు.

చిక్కు ఎక్కడంటే, కరెంటు పోని దేశాలకు పుట్టిన యంత్రాన్ని తుపానులు, వరదలు వచ్చే డెల్టాలో, ఎవరి దీపం వాళ్ళే వెలిగించుకోవడం అలవాటైన ఇళ్ళలో పెట్టాం. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. మన దగ్గర అది ఎండ రోజున పన్నెండు యూనిట్ల దాకా ఇస్తుంది. (ఎండకు పేరుపడ్డ బెజవాడ కదా, మే నెలలో ఇంకా దంచుతుందని అనుకోకండి. ప్యానెలుకు వెలుగు కావాలి, వేడి పడదు. మే మధ్యాహ్నం కంటే ఫిబ్రవరి మధ్యాహ్నం దానికి హాయి.) బిల్లు తగ్గుతుంది, సందేహం లేదు. మా తమ్ముడు సింగ్‌నగర్‌లో తన మేడ మీద ఆ వేసవిలోనే పెట్టించాడు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం తెల్లవారేసరికి బుడమేరు నీళ్ళు వాళ్ళ వీధిలోకి వచ్చాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు, అదివరకెన్నడూ లేనంత. అది వేరే నీరు, ఇది వేరే నీరు, రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. కింది అంతస్తు మునిగింది. ప్రాణాపాయం గనుక ఆ ప్రాంతాలకు కరెంటు ఆపారు, ఆపి తీరాలి. మా తమ్ముడు, మరదలు, తొంభైకి దగ్గరపడ్డ మా అమ్మ మేడ మీద. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో. మూడోనాడు ఎండ కాసింది. నెత్తిన మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి, చేతిలో ఫోన్ చచ్చిపోయింది. పెట్టినవాళ్ళు ఈ ముక్క ముందు చెప్పలేదు. వీడు అడగలేదు. నేనూ చెప్పలేదు, ఇంట్లోనే ఇంజనీరు ఉండి. మెట్ల కింద పాత జనరేటరు నీళ్ళలో. పడవ మీద వచ్చినవాళ్ళు అమ్మను దించారు. ఆమె బాగానే ఉంది. ఇన్సులిన్ పాడయింది.

నీరు తీశాక వాడు కోపంగా అన్న మొదటి మాట: "అన్నయ్యా, జనరేటరు బాగుచేయించి దానికీ దీనికీ కలిపెయ్. ఇంక ఎప్పుడూ పోకూడదు." కలిపెయ్ అన్న మాటకే నాకు ఒళ్ళు జలదరించింది.

ఎలా చేశామో చెబుతాను, మీ ఎలక్ట్రీషియన్‌కు చూపించుకోవచ్చు. ఆన్‌గ్రిడ్ పెట్టె తీసి హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టాం. డిస్కంకు చెప్పి, వాళ్ళ అనుమతితోనే. దీనికి బ్యాటరీ ఉంటుంది. వీధి లైను పోగానే ఇది లోపలున్న రిలేతో లైనునుంచి ఫేజూ న్యూట్రలూ రెండూ తెంపుకుని, విడిగా ఉన్న ఇంకో జత టెర్మినళ్ళ మీద ఇంటికి కరెంటు ఇస్తుంది. లైను సంగతి లైనుది, ఇంటి సంగతి ఇంటిది. ఆ టెర్మినళ్ళకు ఇల్లంతా తగిలించలేదు. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, ఫోన్ చార్జర్ల పాయింట్లు ఒక చిన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డు మీదికి విడదీశాం. ఏసీ, గీజరు, నీళ్ళ మోటారు లైను మీదే ఉన్నాయి. కరెంటు పోతే అవి పోతాయి, పోవాలి.

ఇక జనరేటరు. దీన్ని ఇన్వర్టరుకు లైను వచ్చే చోట తగిలించమని ఒక ఎలక్ట్రీషియన్ చెప్పాడు. వద్దన్నాను. అలా చేస్తే ఇన్వర్టరు జనరేటరును చూసి లైను వచ్చిందనుకోవచ్చు. ఎండ ఎక్కువై ఇంట్లో వాడకం తక్కువైతే మిగిలిన కరెంటును జనరేటరులోకే తోస్తుంది. అది తీసుకునే యంత్రం కాదు, పాడవుతుంది. జనరేటరుకు వేరే టెర్మినల్ ఉన్న ఇన్వర్టర్లు ఉన్నాయి, వాటి సంగతి వేరు. మేం పాత పద్ధతే పట్టుకున్నాం. చిన్న బోర్డుకు ముందు రెండు పోళ్ళ చేంజోవర్ పెట్టాం. ఒకటి మీదుంటే ఇన్వర్టరు, రెండు మీదుంటే జనరేటరు, మధ్యలో సున్నా. ఒకటి నుంచి రెండుకు పోవాలంటే సున్నా దాటక తప్పదు. ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా మారుతుంది. కొందరు ఫేజు ఒక్కటే మారుస్తారు, డబ్బు మిగులుతుందని. అప్పుడు న్యూట్రల్ తీగ వీధితో కలిసే ఉంటుంది, ఆర్‌సీసీబీ కూడా తన పని తాను సరిగ్గా చెయ్యలేదు.

ప్యానెళ్ళ వైపు ఇంకో జాగ్రత్త. ఆరు ప్యానెళ్ళు వరుసగా కలిపితే దగ్గరదగ్గర మూడు వందల వోల్టుల డీసీ. ఇంట్లో వాడే ఏసీ సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది, స్విచ్చి తీసినప్పుడు వచ్చే నిప్పు ఆ సందులో ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. మామూలు ఏసీ ఎంసీబీ అక్కడ పెడితే నిప్పు ఆరక పెట్టె కాలుతుంది. డీసీకి తయారుచేసిన ఐసొలేటరు, ఫ్యూజు, ఎస్‌పీడీ పెట్టాలి. పగలు ప్యానెలును ఆపే మార్గం లేదు, గుడ్డ కప్పడం తప్ప. వరదలో ఆ వైర్లు నీళ్ళకు తగలకూడదు. అందుకే ఇన్వర్టరు, బ్యాటరీ, బోర్డులు అన్నీ మొదటి అంతస్తులోకి మార్చాం. జనరేటరు మేడ మీద, రేకు కింద, గదికి దూరంగా. దాని పొగ మూసిన గదిలో మనిషిని చప్పుడు లేకుండా చంపుతుంది. ఎర్తింగు గుంటలు మూడు: డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. తడి నల్లమట్టి గనుక మన వైపు ఎర్తు బాగానే దొరుకుతుంది. నాగాయలంక, కోడూరు వైపు మిత్రులు మాత్రం ఉప్పుకు జీఐ పైపు ఎంత తిన్నదో ఏటేటా చూసుకోండి.

మొత్తం ఖర్చు మామూలు ఆన్‌గ్రిడ్ కంటే బాగా ఎక్కువే అయింది, ముఖ్యంగా లిథియం బ్యాటరీకి. అందరికీ ఇది అవసరమని నేను అనను. ముసలివాళ్ళు, మందులు, ఆక్సిజన్ ఉన్న ఇంటికి అవసరం. లేనివాళ్ళు ఆన్‌గ్రిడ్ పెట్టుకుని, రెండు ఫ్యాన్లు నడిపే పాత ఇన్వర్టరు ఉంచుకుంటే చాలు. చేంజోవర్ లేకుండా జనరేటరు తగిలించే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

పని పూర్తయ్యాక ఒక రోజు ఆ వీధిలో చెట్ల కొమ్మలు కొట్టడానికి ఎల్‌సీ తీసుకున్నారు. ముందురోజే తెలిసి మన బడి మిత్రుడికి, ఆ లైన్‌మాన్‌కు, ఫోన్ చేశాను. అతనూ రిటైరయ్యాడు, పాయకాపురంలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. వచ్చాడు. వీధిలో కరెంటు లేదు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఫ్రిజ్ నడుస్తోంది, మా అమ్మ టీవీ చూస్తోంది. డ్యూటీలో ఉన్న కుర్ర లైన్‌మాన్‌ను పిలిచి, అతని ఎదుటే మీటరు ముందున్న కట్‌అవుట్ తెరిపించాం. ఇన్వర్టరు మీద ఒకసారి, చేంజోవర్ రెండు మీదికి తిప్పి జనరేటరు మీద ఒకసారి చూడాలని అనుకున్నాం. టెస్ట్ ల్యాంపు నేను పట్టుకోబోతే అతను ఇలా ఇవ్వమన్నాడు. ఎడమచేత్తో రెండు కొసలూ ఒడుపుగా పట్టుకుని వీధి వైపు ఫేజుకూ న్యూట్రల్‌కూ ఆనించాడు. బల్బు వెలగలేదు. జనరేటరు మీద కూడా వెలగలేదు. కొస తీసి, తుడిచి, మళ్ళీ ఆనించి ఇంకొంచెం సేపు అలాగే పట్టుకున్నాడు.

"బల్బు మంచిదేనా అన్నయ్యా?" అన్నాడు.

లోపలి ప్లగ్గులో పెట్టి చూపించాను. వెలిగింది. అప్పుడు కాఫీ తాగుతానన్నాడు.